ఏమే అని పిలిచేవాడు

"ఏందయ్యా, ఇంకో మూడు క్లాసులు చదివిందంటే దీన్ని చేసుకునేవాడు ఎక్కడ దొరుకుతాడు?"

రేకుపెట్టెలో పిల్ల గుడ్డలు సర్దుతూ ఆ మాట పైకే అనేశాను. మా ఆయన గురవయ్య వాకిట్లో గొంతుక్కూచుని ఉలి పదును చూసుకుంటున్నాడు. తలెత్తకుండానే, "దొరికినవాడు ఇంట్లోనే ఉన్నాడు గదే. మీ అన్న కొడుకు ఎక్కడికి పోతాడు?" అన్నాడు.

"ఎక్కడికీ పోడు. అదే నా భయం. వాడు ఉన్నచోటే ఉంటాడు. ఇది పోతంది."

"పోతే బస్సులో పోతంది, బస్సులోనే వస్తది. పెట్టె మూత వెయ్యి."

బస్సు మాట ఎత్తేసరికి నాకు ఇంకో భయం పట్టుకుంది. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క, వెనకాల డ్రమ్ములో బొగ్గులు మండించుకుంటూ బస్సులు నడిచేవి. రవ్వ ఎగిరి పిల్ల పరికిణీ మీద పడితే? గురజాల దాటాక ఎవరూ లేని చోట ఆగిపోతే? బోర్డింగులో మశూచి సోకితే ఎవరు చూస్తారు? మా ఆయన నవ్వేవాడు, నా భయాలన్నీ మూట కడితే తన నాపరాళ్ళ బండి కూడా మోయలేదని. నవ్వితే నవ్వాడు. తల్లి భయపడకపోతే ఇంట్లో భయపడేది ఎవరు?

మా గ్రేసమ్మకు అప్పుడు పన్నెండేళ్ళు. ఊరి బయట మా పాలెం బళ్ళో అయిదు చదివింది. నరసరావుపేట నుంచి బోర్డింగు స్కూలు దొరసాని మా చర్చి సంఘాన్ని చూడటానికి వచ్చి, పిల్ల చేత బైబిలు చదివించుకుని, "ఈ అమ్మాయిని నాకివ్వండి, ఎనిమిది దాకా చదివించి పంపిస్తాను" అంది. మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకైతే పిల్ల పెళ్ళి బెంగ పట్టుకుంది. నాకు పెళ్ళయ్యేసరికి నేనింకా గచ్చకాయలు ఆడుకుంటున్నాను. మా ఆయనకు మీసం కూడా మొలవలేదు. పాలెంలో ఎవరిని అడిగినా అంతే. ఆడపిల్లకు పధ్నాలుగు నిండాయంటే చర్చిలో పెళ్ళి ప్రకటన వినపడాల్సిందే. మగపిల్లవాడు సొంతంగా కూలి తెచ్చుకుంటున్నాడంటే వాడికీ అంతే.

సంబంధం వెతుక్కునే పని మాకు లేదు. గ్రేసమ్మ బాప్తిస్మం రోజునే మా అన్న యల్లమంద చర్చి గుమ్మంలో నిలబడి, "ఇది మా ఏలియాది" అని అందరి ముందూ అన్నాడు. ఏలియా మా అన్నకు ఒక్కడే కొడుకు. నాలుగో క్లాసులో బడి మానేసి మా ఆయన వెంట నాపరాళ్ళ క్వారీకి పోతున్నాడు. మంచి పిల్లవాడు. నా మేనల్లుడని చెప్పటం కాదు, వాడి నోటినుంచి ఒక చెడ్డ మాట వినలేదు నేను.

ఆ రోజు పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా మోసింది వాడే. బస్సు కోసం చూస్తూ నిలబడ్డాం.

"ఏమే, ఆ పేట పిల్లల్ని చూసి నన్ను మరిచిపోబాక" అన్నాడు.

"జాబు రాస్తాలే బావా."

"రాస్తే చదివేదెవరు? బళ్ళో నేర్చింది ఎప్పుడో మరిచిపోయా."

"పాస్టరుగారి చేత చదివించుకో."

"అట్టయితే నువ్వు మంచిమాట ఒక్కటీ రాయవు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వాళ్ళ నవ్వు చూసి నా భయం కాస్త తగ్గింది. బస్సు వచ్చింది, పొగ కక్కుకుంటూ పోయింది. పోయాక ఏలియా పొగ కనపడినంతసేపూ అక్కడే నిలబడ్డాడు.

*

ఎండాకాలం సెలవులకీ క్రిస్మసుకీ పిల్ల ఇంటికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మారి వచ్చేది. మొదట సబ్బు వచ్చింది. తర్వాత జడకు రెండు పిన్నులు వచ్చాయి. తర్వాత మాటే మారింది.

"బావా, మీ క్వారీ చాలా దూరమా?" అని అడిగింది ఒకరోజు.

"చాలా అంట! చానాకి ఏం రోగమొచ్చిందే?" అన్నాడు ఏలియా. "చానా దూరం అంటే నడిచిపోవచ్చు. చాలా దూరం అంటే బస్సెక్కాల్నా?"

పిల్ల వాడి వీపు మీద ఒక్కటేసింది. అప్పటికి అంతా బాగానే ఉంది. వాడు ఏమే అనేవాడు, అది బావా అనేది. ఆ ఏమేలో ఉన్నదంతా మా పాలెం వాళ్ళకు తెలుసు. మొగుడు పెళ్ళాన్ని పిలిచేది ఆ మాటతోనే. మా ఆయన ఈ ఇరవై ఏళ్ళలో నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. వాకిట్లోంచి 'ఏమే' అంటే అది నేనే.

ఎనిమిది పాసయి వచ్చింది. పదిహేనేళ్ళు. ఇక చాలనుకున్నాను. మా వదిన రాఘవమ్మ, ఏలియా తల్లి, పసుపు దంచే రోలు కడిగి బోర్లించి, "పాస్టరుగారికి చెప్పి ప్రకటనలు మొదలుపెట్టిద్దాం కాంతమ్మా" అంది. మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చెప్పాలి. ఫలానావాడు ఫలానా పిల్లను చేసుకుంటున్నాడు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని. నేను ఆ మూడు ఆదివారాలకూ భయపడుతూనే ఉన్నాను, ఎవరు లేచి ఏమంటారో అని. కానీ అడ్డం వచ్చింది చర్చిలో నుంచి కాదు, పేట నుంచి.

దొరసాని మళ్ళీ వచ్చింది. "ఇంకో రెండేళ్ళు టీచరు ట్రైనింగు. తర్వాత మీ పాలెం బడికే ఈమెను టీచరుగా వేస్తాం" అంది.

మా పాలెం బడికి, మా పాలెం పిల్ల! సంఘమంతా మా వాకిట్లోకి వచ్చింది. నా బిడ్డ మొహం చూశాను. దీపం వెలిగించినట్టు ఉంది. ఆ మొహం చూసి వద్దనే నోరు నాకెక్కడిది? "పిల్లకు పదిహేడు వస్తయ్యి, పిల్లాడికి ఇరవై ఒకటి. లోకం ఏమంటది?" అని మాత్రం గొణిగాను.

"రెండేళ్ళు ఎంతలో పోతయ్యే చెల్లే" అన్నాడు మా అన్న. "నా కోడలు పంతులమ్మ అవుతదంటే నేనే ఆపుతానా?"

ఏలియా గుంజకు ఆనుకుని నిలబడి, "పోయిరాయే. రెండేళ్ళు నేను రాళ్ళు కొట్టుకుంటా, నువ్వు పిల్లకాయల్ని కొట్టటం నేర్చుకో" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ రెండేళ్ళూ బావి దగ్గర నన్ను నిలవనిచ్చేవాళ్ళు కాదు. మా వాడకట్టు రామాయమ్మ కూతురూ మా గ్రేసమ్మా ఒక ఈడువాళ్ళు. ఆ పిల్లకు అప్పటికే చంకలో ఒక బిడ్డ, కడుపులో ఒక బిడ్డ. రామాయమ్మ చేద లాగుతూ లాగుతూ, "ఏం కాంతమ్మా, మా పిల్ల ఉయ్యాల ఊపుతంది. మీ పిల్లదింకా పలకా బలపమేనా?" అనేది. నేను కుండ నెత్తిన పెట్టుకుని వచ్చేసేదాన్ని. ఇంటికి వచ్చాక చెప్పాల్సిన జవాబులు అన్నీ తోచేవి.

*

యుద్ధం అయిపోయిన ఏడు గ్రేసమ్మ ట్రైనింగు పూర్తి చేసుకుని వచ్చింది. తెల్ల చీర, చేతిలో గొడుగు. పాలెం పిల్లకాయలు రోడ్డుదాకా ఎదురుపోయారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కూచుని ఉండగా మా అన్న లేచాడు. మా అన్న మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఊళ్ళో కామందులు నా తల నెరిసినా 'ఒరేయ్ యల్లమందా' అనే పిలుస్తారు" అన్నాడు. "వాళ్ళ పాలు మరవని పిల్లలు కూడా అట్టాగే పిలుస్తారు. వాళ్ళ నోరు మనం కట్టలేం. మన నోరైనా మన చేతిలో ఉంది గదా! మనలో ఒక పిల్ల చదువుకుని వచ్చింది. మనమే ఒసేయ్, ఏమే అంటే రేపు ఊళ్ళోవాళ్ళూ అంటారు. రేపటినుంచి పాలెంలో ఎవరూ అట్టా పిలవగూడదు. పంతులమ్మగారూ అనాలి. మీరు అనాలి. ముసలోళ్ళయినా సరే, నా కొడుకైనా సరే."

సంఘమంతా చేతులెత్తింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. అంత గౌరవం నా కడుపున పుట్టిన దానికి దక్కుతుందని నేను కలగనలేదు. ఏలియా కూడా చెయ్యెత్తాడు. నేను చూశాను.

ఇంటికి నడుస్తుంటే ఏడుపు ఆగి భయం మొదలైంది.

"ఏందయ్యా, పెళ్ళాన్ని మీరు అనే మొగుడు ఈ పాలెంలో పుట్టాడా?"

"ఇయ్యాల ఒక్కరోజన్నా భయపడకుండా ఉండవే" అన్నాడు మా ఆయన. "పెళ్ళయితే ఆ మాటలు వాళ్ళే చూసుకుంటారు."

మర్నాడు పొద్దున ఏలియా వచ్చాడు, భుజాన జొన్నల మూటతో. ఎప్పుడూ సరాసరి వంటింట్లోకి వచ్చి ఉట్టి మీద ఏముందో చూసుకునేవాడు. ఆ రోజు గడప అవతలే ఆగాడు.

"పంతులమ్మగారూ, నాన్న మీకు జొన్నలు పంపాడండి."

గ్రేసమ్మ దువ్వెన పట్టుకునే బయటికి వచ్చి ఫక్కున నవ్వింది. "ఏంది బావా ఈ వేళాకోళం? లోపలికి రా."

వాడు నవ్వలేదు. మూట అరుగు మీద దించి, "బడి వేళయిందేమో, నేను వస్తానండి" అని వెళ్ళిపోయాడు.

తర్వాత మా ఆయన చెప్పాడు. క్వారీలో తోటివాళ్ళు ఆ పొద్దున్నే మొదలుపెట్టారట. "ఏరా ఏలియా, పెళ్ళయ్యాక 'ఏవండీ పంతులమ్మగారూ, కాస్త కూడు పెడతారా' అని అడుగుతావా? బడికి రాకపోతే గోడకుర్చీ వేయిస్తదా?" వాడు సుత్తి కింద పెట్టకుండా అన్నీ విన్నాడట. సాయంత్రం వాళ్ళ నాన్నతో ఒకటే మాట అన్నాడు: "అందరూ మీరు అనే మనిషిని నేనొక్కణ్ణీ ఇంట్లో ఏమే అంటే ఆమెకు తక్కువ. ఇంట్లోనూ మీరు అంటే నాకు తక్కువ. నేనూ ఎనిమిది పాసవుతా. అప్పుడు సమానం. అప్పుడు పిలుస్తా."

మా అన్న నెత్తి పట్టుకున్నాడు. సంఘం ముందు 'నా కొడుకైనా సరే' అన్న మనిషి ఇప్పుడు వెనక్కు ఎట్లా తీసుకుంటాడు?

గ్రేసమ్మకు ఆ సంగతి చెపితే తేలిగ్గా తీసుకుంది. "దానికేంలే అమ్మా. నేనే చెప్తా. బావకు బుర్ర లేకనా? బళ్ళో పిల్లలు వెళ్ళాక రోజూ ఒక గంట కూచుంటే ఏడాదికి పరీక్షకు కట్టచ్చు."

"ఏడాదా! నీకు పద్దెనిమిది వస్తయ్యే!"

"వస్తే వస్తయ్యి. నేనేం పులిసిపోను."

*

బడి మా ఇంటికి ఎదురుగానే. నేను గడపలో కూచుని బియ్యం ఏరుతుంటే అంతా కనపడేది. సాయంత్రం క్వారీ నుంచి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చేవాడు ఏలియా. కనురెప్పల మీద రాతి పొడి మాత్రం అట్లాగే ఉండేది. పెన్సిలును ఉలి పట్టుకున్నట్టు గుప్పిట బిగించి పట్టుకునేవాడు. మొదట్లో పెన్సిళ్ళు పుటుక్కుమని విరిగేవి.

"మెల్లగా బావా, అది రాయి కాదు."

"అట్టాగేనండీ పంతులమ్మగారూ."

మొదట్లో ఆ మాట అంటున్నప్పుడు వాడి పెదవి కొసన నవ్వు ఉండేది. అది చూసి నాకు ధైర్యం వచ్చేది. ఆటగా అంటున్నాడులే అనుకునేదాన్ని. వానలు వచ్చి వెళ్ళేసరికి ఆ నవ్వు కనపడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. రోజూ చూసే నాకే తెలియలేదు.

ఆ చలికాలంలో ఒకరోజు బడి ముందు కొత్తగా దించిన నాపరాళ్ళ దొంతి మీద గ్రేసమ్మ కూచుని లెక్క చెప్తోంది. ఏలియా కింద కూచుని చేస్తున్నాడు. ఉన్నట్టుండి గావుకేక పెట్టాడు: "ఏమే, కాలు తియ్యి! తియ్యవే!"

పిల్ల ఎగిరి పక్కకు దూకింది. రాళ్ళ సందులోంచి వేలెడు నల్లతేలు. వాడు పలకతోనే దాన్ని చంపాడు. పలక రెండు ముక్కలైంది. నేను బియ్యం చేట వదిలేసి పరుగెత్తాను. పిల్లకేమీ కాలేదు. నిజం చెప్పాలంటే, తేలును చూసి కూడా నా గుండె సంతోషంతో కొట్టుకుంది. అన్నాడు! ఆ పాత ఏమే వాడి గొంతులోనే ఉంది, ఎక్కడికీ పోలేదు! గ్రేసమ్మ కూడా వాడినే చూస్తోంది. దాని కళ్ళలో నేను చూసింది తప్పు కాదు.

ఏలియా విరిగిన పలక కింద పెట్టాడు. రెండు చేతులూ కట్టుకున్నాడు. "క్షమించండి పంతులమ్మగారూ. కంగారులో నోరు జారాను" అన్నాడు.

క్షమించండి! ఆ మాట మా ఇళ్ళల్లో ఎవరన్నారు? అది పుస్తకంలో మాట. అది వాడికి నేర్పింది నా కూతురే.

గ్రేసమ్మ మొహం పాలిపోయింది. "ఇవాళ్టికి చాలు" అని లోపలికి వచ్చేసింది. ఆ రోజు సంగటి ముద్ద చల్లారిపోయేదాకా కలుపుతూనే ఉంది.

నా మటుకు నేను అంతటితో చేతులు ముడుచుకు కూచోలేదు. ఏలియా మీదే ఆశ పెట్టుకుని తీరా అది జరక్కపోతే పిల్ల గతేమిటని, మా ఆయనకు తెలియకుండా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. చదువుకున్న సంబంధం ఎక్కడన్నా ఉందేమో చూడమన్నాను. ఆయన పాపం అడిగి చూశాడు. ఎడ్లపాడులో ఒక కుర్రవాడు ఉన్నాడు, గుంటూరు కాలేజీలో చదువుతున్నాడు. చదువు అయ్యేదాకా పెళ్ళి ఊసెత్తితే ఇంటికే రానన్నాడట. నూజెండ్లలో ఒక పంతులుగారు ఉన్నాడు. భార్య పోయింది, ముగ్గురు పిల్లలు, పెద్దమ్మాయికి మా గ్రేసమ్మ కంటే రెండేళ్ళు తక్కువ.

"అంతేనా అయ్యగారూ?"

"అంతేనమ్మా. చదివే మగపిల్లలు చదువు అవనీ అంటున్నారు. చదువయిపోయిన వాళ్ళకు చిన్నప్పుడే పెళ్ళిళ్ళయిపోయినయ్. చదువు లేనోళ్ళు పంతులమ్మగారిని అడగటానికి భయపడి ఈ వాడకే రావటం లేదు."

"మా మేనల్లుడు పాసవుతాడంటారా?"

"ప్రార్థన చేద్దాం" అన్నాడు. ఆ మాట అన్నాడంటే నాకు ఇంకా భయం.

*

మొదటిసారి పరీక్షలో ఏలియా లెక్కల్లో తప్పాడు. ఇంకో ఏడాది. మా వదిన రాఘవమ్మ నాతో మాట్లాడటం తగ్గించింది. ఒక్కడే కొడుకు, ఇరవై రెండు దాటినాయి, ఈడువాళ్ళందరి పిల్లలూ వాకిళ్ళలో పాకుతున్నారు. ఆవిడ ఏడుపు ఆవిడది. "మీ పిల్ల చదువు మా పిల్లాడికి అంటుకుంది" అంది ఒకరోజు, జబ్బు పేరు చెప్పినట్టు.

ఆ ఏడే రామాయమ్మ కూతురు తన పెద్దపిల్లను వేలు పట్టుకుని తెచ్చి మా గ్రేసమ్మ బళ్ళో వేసింది. ఒకప్పుడు ఇద్దరూ ఒక ఆకులో రేగుపళ్ళు తిన్నవాళ్ళు. ఆ పిల్ల గ్రేసమ్మ ముందు తల వంచుకుని, "పంతులమ్మగారూ, దీనికి నాలుగు అక్షరమ్ముక్కలు మీరే నేర్పాలండి" అంది. గ్రేసమ్మ బిడ్డను ఎత్తుకుని చాలాసేపు దించలేదు.

అప్పటికి దాన్ని ఏమే అని పిలిచేది పాలెం మొత్తానికి నేనొక్కదాన్నే. వాళ్ళ నాన్న కూడా, "పంతులమ్మగారూ, రొట్టె కాలిందా?" అని సరదాగా మొదలుపెట్టి దాన్నే అలవాటు చేసుకున్నాడు. నేను వాకిట్లోంచి "ఏమే గ్రేసూ" అని కేకేస్తే వీధిలో పోయేవాళ్ళు ఆగి, "నువ్వే అట్టా పిలిస్తే ఎట్టా కాంతమ్మత్తా?" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు నేనూ బయట పిలవటం మానేశాను. ఇంట్లోకి వచ్చాక పిలిచేదాన్ని, తలుపు వేసి.

ఇంకో సంగతి కూడా అప్పుడే చూశాను. రెండో పరీక్ష దగ్గరపడుతోంది. బడి వదిలినా కొందరు పిల్లలు ఆడుకుంటూ అక్కడే ఉన్నారు. ఏలియా ఒకే లెక్క మూడోసారి తప్పు చేశాడు. గ్రేసమ్మకు విసుగొచ్చింది. పొద్దుటినుంచీ నిలబడి ఉన్న మనిషి. "ఏలియా! మనసు ఎక్కడుంది? లేచి నిలబడు!" అంది.

వాడు లేచి నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి, తల దూలానికి తగులుతుందేమో అన్నట్టు వంచి, చేతులు కట్టుకుని, పిల్లకాయల మధ్య నిలబడ్డాడు. వాడి మొహంలో కోపం ఉందేమోనని చూశాను. ఉంటే బాగుండేది. కోపం లేదు, సిగ్గు లేదు. తప్పు చేసిన పిల్లవాడి భయం ఉంది. అంతే. బావా అనకుండా పేరు పెట్టి పిలిచానని గ్రేసమ్మకు తట్టినట్టుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడు మాత్రం, "ఇంకోసారి చేస్తానండీ" అన్నాడు.

నేను చేట ముందు పెట్టుకుని ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరాను.

*

రెండోసారి పాసయ్యాడు. ఎండలు ముదిరిన ఆదివారం పాస్టరుగారు ఆరాధన అయ్యాక ఆ మాట చెప్పాడు. చర్చి హోరెత్తింది. క్వారీవాళ్ళు వాడిని భుజాల మీద ఎత్తుకున్నారు. అప్పుడు ఎగతాళి చేసినవాళ్ళే, "ఏలియాగారూ, ఏలియాగారూ" అని అరిచారు. మా ఆయన నా వైపు చూసి, "ఇప్పుడు దేనికి భయపడతావే?" అన్నాడు. ఆయన రాతి పొడి పట్టిన దగ్గుతో నవ్వుతుంటే ఏది దగ్గో ఏది నవ్వో తెలియలేదు.

సాయంత్రం అందరూ మా వాకిట్లోకే వచ్చారు. పాస్టరుగారు, మా అన్న, వదిన, ఏలియా. వదిన చాలా రోజులకు నా చెయ్యి పట్టుకుంది. కొత్త చాప వేశాను. బెల్లం పానకం ఇచ్చాను.

"మీరు చెప్పిన చదువు వల్లే గట్టెక్కాను. చాలా సంతోషమండీ" అన్నాడు ఏలియా, గ్రేసమ్మ లోపలినుంచి రాగానే. అంటూనే లేచి నిలబడ్డాడు.

చాలా అన్నాడు. చానా అనలేదు. అది విన్నది నేనొక్కదాన్నేనేమో.

గ్రేసమ్మ చాప మీద కూచుంది. వాడు కూచోలేదు.

"కూచోరా. అల్లుడివి అవుతన్నావు" అన్నాడు మా అన్న.

"ఫర్లేదు నాన్నా."

"సిగ్గు పడుతున్నాడు" అంది వదిన సంబరంగా.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నాడు. "మంచి రోజుకోసం మనమందరం చానా ఏళ్ళు ఆగాం. ఏం యల్లమందా, వచ్చే ఆదివారం మొదటి ప్రకటన చెప్పేదా?"

"చెప్పండయ్యగారూ. అడగాల్సిన పనేముంది?" అన్నాడు మా అన్న.

"ఒక్క మాట" అంది గ్రేసమ్మ.

అందరం దాని వైపు చూశాం. ఆ రోజు అది తెల్ల చీర కట్టుకోలేదు. పెట్టె అడుగున దాచి ఉంచిన వంగపండు రంగు చీర కట్టుకుంది. పందొమ్మిదేళ్ళు. పొద్దుటినుంచీ నాకు అది చిన్నపిల్లలాగానే కనపడుతోంది.

"నాకు అభ్యంతరమేమీ లేదు. కాకపోతే ప్రకటన చెప్పేముందు బావ నన్ను ఒక్కసారి ఏమే అని పిలవాలి. ఎనిమిది పాసయితే పిలుస్తానన్నాడు. పాసయ్యాడు గదా."

అందరూ నవ్వారు. "పిలవరా, పిలవరా!" అన్నాడు మా అన్న, తొడ చరిచి. "నేను పెట్టిన కట్టు నేనే తీసేస్తన్నా. సంఘానికి నేను చెప్పుకుంటా. పిలువు!"

గ్రేసమ్మ నవ్వలేదు. తల ఎత్తి వాడినే చూస్తోంది. "పిలువు బావా. ఇక్కడ బడి లేదు. పిల్లలు లేరు."

ఏలియా నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వదిన పానకం గ్లాసు కింద పెట్టింది. కోడి ఒకటి చాప మీదికి వచ్చినా ఎవరూ అదిలించలేదు. మా ఆయనకు దగ్గు వచ్చింది, నోటికి కండువా అడ్డం పెట్టుకుని ఆపుకున్నాడు.

ఒరేయ్ నాయనా, అనరా! రెండే అక్షరాలు గదరా! బళ్ళో చేరిన రోజున పిల్లకాయ కూడా పలుకుతాడు గదరా! తేలు వచ్చినరోజు ఎట్లా అన్నావు? ఇంకో తేలు ఎక్కడైనా ఉంటే వచ్చి నా బిడ్డ కాలి దగ్గర నిలబడకూడదా అనుకున్నాను. అనుకున్నందుకు నా ఒళ్ళు నాకే జలదరించింది.

ఎండ గోడ దిగి వాకిలి దాటిపోయింది. ఎవరూ లేవలేదు. ఏలియా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. వాడికి ఇష్టం లేక కాదు. అది నాకు తెలుసు, వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు, అందరికంటే బాగా గ్రేసమ్మకు తెలుసు. వాడి చేతులు వాటంతటవే పైకి వచ్చాయి. బళ్ళో నిలబడ్డ రోజులాగే కట్టుకున్నాడు.

"నా వల్ల కాదండీ" అన్నాడు.